ఎవరికి ఏం తెలుసు? కథలో రహస్యాన్ని పంచే పద్ధతి

కథ రాయడం మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా తల పట్టుకునేది "తర్వాత ఏం జరగాలి?" అన్న చోట. నా లెక్కలో దానికంటే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: జరిగిన సంగతి ఎవరికి, ఎప్పుడు తెలియాలి? పత్రికలో అచ్చయ్యే చిన్న కథకైనా, రెండున్నర గంటల సినిమాకైనా, ఎనిమిది ఎపిసోడ్ల సిరీస్‌కైనా ఇదే ప్రశ్న. సంఘటనలు తక్కువైనందువల్ల పడిపోయిన కథలకంటే, అందరికీ అన్నీ ఒకేసారి తెలిసిపోయినందువల్ల చప్పబడిన కథలే ఎక్కువ.

కాబట్టి ఈ వ్యాసమంతా ఒక్క పని గురించే. ఒక ఉదాహరణ పట్టుకుని మొదటినుంచి చివరిదాకా వెళ్దాం. మీ దగ్గర రాస్తున్న కథ ఉంటే దాన్ని పక్కన పెట్టుకుని చదవండి.

ముందు రహస్యాన్ని ఒక్క వాక్యంలో రాయండి

మన ఉదాహరణ ఇది. తెనాలి దగ్గర ఒక పల్లె. సుబ్బారావు అనే రైతు, చిన్నకూతురు లావణ్యకి పసుపు కుంకుమల కింద ఎకరం పొలం ఇస్తానని పెళ్లివారికి మాటిచ్చాడు. ఆ ఎకరం ఎప్పుడో అమ్మేశాడు. పెళ్లి పది రోజుల్లో ఉంది.

సినిమావాళ్లు దీన్ని 'పాయింట్' అంటారు. పాయింట్ బావుందా లేదా అన్న చర్చ తర్వాత పెట్టుకోవచ్చు. ముందు అందులో దాగి ఉన్న సంగతులు విడదీయండి. ఒకటి, పొలం అమ్ముడుపోయింది. రెండు, ఆ డబ్బు పెద్దకూతురు రమ ఆపరేషన్‌కి ఖర్చయింది. ఈ రెండూ పాయింట్‌తో పాటే వచ్చేస్తాయి. మూడోది మీరు కూర్చుని ఆలోచించి తెచ్చుకోవాలి: లావణ్యకి ఈ సంగతి ముందే తెలుసు, తండ్రి తల దించుకోవాల్సి వస్తుందని నోరెత్తలేదు.

మూడు చాలు. ఐదారు రహస్యాలు పెట్టుకుంటే చెప్పేవాడికే లెక్క తప్పుతుంది. ఒక్కటే ఉంటే చిన్న కథకు సరిపోతుంది గానీ సినిమాకు సగం దారిలోనే సరుకు అయిపోతుంది.

పట్టిక గీయండి

ఇది కాగితం మీద పెన్సిల్‌తో చేయండి, చెరిపి రాయడం చాలాసార్లు ఉంటుంది. ఎడమవైపు కిందికి మూడు సంగతులు రాయండి. పైన అడ్డంగా మనుషుల పేర్లు: సుబ్బారావు, అతని భార్య రత్తమ్మ, పెద్దకూతురు రమ, పెద్దల్లుడు శ్రీను, లావణ్య, కాబోయే వియ్యంకుడు. చిట్టచివర ఒక గడి ఎక్కువ వేసి దాని పైన 'ప్రేక్షకుడు' అని రాయండి. చాలామంది మరిచిపోయేది ఆ గడినే. ప్రేక్షకుడు కూడా మీ కథలో ఒక పాత్ర. అతనికి మాటలుండవు, అంతే తేడా.

ఇప్పుడు ఒక్కో గడిలో, ఆ మనిషికి ఆ సంగతి ఏ సీన్లో తెలుస్తుందో ఆ నంబరు వేయండి. కథ మొదలయ్యేసరికే తెలిస్తే సున్నా. ఎప్పటికీ తెలియకపోతే అడ్డగీత. సీన్ నంబర్లు ఇంకా లేకపోతే మొదట్లో, మధ్యలో, చివర్లో అని రాసినా చాలు.

పట్టిక నిండాక నిలువుగా చదవండి. ఒక మనిషి గడులన్నీ సున్నాలే అయితే అతను కథలో మారడు, ఇతరులకు తెలియజేయడానికే పనికొస్తాడు. అన్నీ అడ్డగీతలే అయితే ఆ పాత్ర కథలో ఎందుకుందో ఒకసారి చూసుకోండి. తర్వాత అడ్డంగా చదవండి. ఒకే సంగతి అందరికీ ఒకే సీన్లో తెలుస్తోందంటే, అది ఊరందర్నీ పోగేసి చెప్పించే సీన్ అయి ఉంటుంది. అలాంటి సీన్ ఒకటి ఉండొచ్చు. రెండుంటే రెండోదానికి విలువుండదు.

ప్రేక్షకుణ్ణి ఎక్కడ కూర్చోబెడతారు?

అసలు పనంతా ఇక్కడే ఉంది. తొందరపడకండి.

మీకు మూడు దారులున్నాయి. ప్రేక్షకుడికి పాత్రకంటే ముందే తెలియడం, పాత్రతో పాటే తెలియడం, పాత్రకు తెలిసిన చాలాసేపటికి గానీ తెలియకపోవడం. ఉత్కంఠ సినిమాలకు పేరుపడ్డ దర్శకుడు హిచ్‌కాక్ 1962లో ఫ్రెంచి దర్శకుడు త్రూఫోతో జరిపిన సంభాషణలో దీని గురించి చెప్పిన బాంబు ఉదాహరణ సినిమా చదువుకున్న ప్రతివాడికీ తెలిసిందే. బల్ల కింద బాంబుందని మనకు చెప్పకుండా పేలిస్తే పదిహేను సెకన్ల ఉలికిపాటు. ముందే చూపించి, బల్ల దగ్గర కూర్చున్నవాళ్లతో ఊసుపోని కబుర్లు చెప్పిస్తే పదిహేను నిమిషాల ఉత్కంఠ.

నిజానికి ఈ కిటుకు మనకు కొత్తదేం కాదు. పౌరాణిక నాటకం చూడ్డానికి వచ్చేవాడికి కథ మొత్తం ముందే తెలుసు. రాయబారం విఫలమవుతుందని తెలిసే కూర్చుంటాడు, తెల్లారేదాకా కూర్చుంటాడు. 1957 నాటి 'మాయాబజార్' చూడండి. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడని మనకు తెలుసు, కృష్ణుడికి తెలుసు. బలరాముడికి తెలీదు, రేవతికి తెలీదు, కౌరవులకు తెలీదు. పెళ్లిపీటల దగ్గర నవ్వంతా ఆ తెలియనితనం మీద కట్టిందే. ఆ రహస్యాన్ని మన దగ్గర కూడా దాచి చివర్లో విప్పి ఉంటే ఒక్కసారి ఆశ్చర్యపోయి ఊరుకునేవాళ్లం. సావిత్రి నడకలో ఘటోత్కచుడి నడక కనిపించే ముచ్చట పోయేది.

మన సుబ్బారావు కథకు ఇది పెట్టి చూద్దాం. ఒక సీన్ తీసుకోండి. వియ్యంకుడు పొలం చూస్తానని వచ్చాడు. గట్టు మీద నిలబడ్డారు. వరి కోసేశాక మినుము ఏపుగా ఉంది. ఒక కూలీ మందు కొడుతున్నాడు.

"మినుము బాగానే దిగేట్టుందే బావగారూ."

"ఆ... పర్లేదండీ."

కూలీ స్ప్రేయర్ దింపి దగ్గరికొచ్చాడు. "సుబ్బారావు గారూ, కోటేశ్వరరావు గారు వస్తారా ఇయ్యాల? కూలి డబ్బులు ఇస్తానన్నారు."

"ఆయనెందుకురా మధ్యలో. నేనిస్తాలే. పొద్దుగూకాక ఇంటికి రా."

పొలం ఆ కోటేశ్వరరావుకి అమ్ముడుపోయిందని ప్రేక్షకుడికి తెలియకపోతే ఇది పొలం చూసొచ్చిన సీన్, అంతే. ఎడిటింగ్‌లో మొదట ఎగిరిపోయేది ఇలాంటిదే. అదే ప్రేక్షకుడికి ముందే తెలిసి ఉంటే, కూలీ నోరు తెరిచిన క్షణం నుంచి హాల్లో ఊపిరి బిగుస్తుంది. "నేనిస్తాలే" అన్న మాటలో తనది కాని పంటకు కూలి కట్టుకుంటున్న మనిషి కనిపిస్తాడు. ఒక్క డైలాగు మార్చలేదు. పట్టికలో ప్రేక్షకుడి గడిలో అంకె మార్చామంతే.

అందుకని నా సలహా: మొదటి సంగతి ప్రేక్షకుడికి మొదట్లోనే ఇచ్చేయండి. చాలామందికి ఇది మింగుడుపడదు. ట్విస్ట్ పోతుందని బాధ. పోదు, ఎందుకంటే మూడోది ఇంకా మీ చేతిలోనే ఉంది.

2013లో మలయాళంలో వచ్చి, మరుసటి ఏడాది తెలుగులోనూ తీసిన 'దృశ్యం' ఇలాగే కట్టారు. (ఇంకా చూడనివాళ్లుంటే ఈ పేరా దాటేయండి.) హత్య ఎవరు చేశారో, ఎందుకు చేశారో, పోలీసులకు ఏ అబద్ధం అల్లారో మనకు అంతా తెలుసు. ఆ కుటుంబంలో ఒకళ్లమైపోయామనుకుంటాం. శవాన్ని ఎక్కడికి మార్చాడన్న ఒక్క ముక్క మాత్రం ఆ ఇంటిపెద్ద పెళ్లాం పిల్లలకూ చెప్పలేదు, మనకూ చెప్పలేదు. అన్నీ చెప్పాడని నమ్మాం గనకే ఆ ఒక్కటి అంత గట్టిగా తగిలింది. అన్నీ దాచే కథలో ప్రేక్షకుడు మొదటినుంచీ కాపలా కాస్తూ కూర్చుంటాడు, ఏది బయటపడినా "అనుకున్నాలే" అంటాడు.

మూడో సంగతి, అంటే లావణ్యకి ముందే తెలుసన్నది, దాచేటప్పుడు ఒక నియమం పెట్టుకోండి: ఆమె కనిపించే ప్రతి సీన్‌కీ రెండు అర్థాలుండాలి. కాబోయే మావగారు పొలం ఊసెత్తగానే "కాఫీ చల్లారిపోతోంది మావయ్యగారూ" అంటుంది. మొదటిసారి చూసేవాడికి అది పెళ్లికూతురి సిగ్గు. పట్టుచీర ఖరీదు చూసి ఇంకొకటి తక్కువలో చూపించమంటుంది. అది పొదుపు. రెండోసారి చూస్తే రెండూ వేరేలా అర్థమవుతాయి. ఇలాంటివి మూడు చాలు, అవీ వేరే పనిలో కలిసిపోవాలి. కెమెరా ఆగి చూపించిందంటే దొరికిపోయినట్టే.

కథగా రాస్తే

అచ్చు కథలో కెమెరా లేదు, 'ఎవరు చెబుతున్నారు' అన్నది ఉంది. ఇదే పట్టికను ఆ కంటితో చూడండి. కథ చెప్పే మనిషికి తెలిసిందంతా పాఠకుడికి బాకీ. సుబ్బారావే 'నేను' అని చెబుతూ, అమ్మకం సంగతి చివరి పేరాదాకా దాచాడంటే అది మోసం. ఆ పది రోజులూ మనిషి బుర్రలో అది తప్ప ఇంకేమీ ఉండదు కదా.

తెలియనివాడితో గానీ, సగం తెలిసినవాడితో గానీ చెప్పించండి. మన కథలో అలాంటివాడు పెద్దల్లుడు శ్రీను. ఆపరేషన్‌కి మావగారు డబ్బు సర్దారని తెలుసు, ఎక్కడినుంచి తెచ్చారో అడగలేదు. అడగకపోవడంలో అతని స్వార్థమూ కొంత ఉంది. అతనితో ఇలా మొదలుపెట్టొచ్చు:

"పొలం చూసొద్దామని పెళ్లివారు అనగానే మావయ్య లేచాడు గానీ, కండువా కోసం ఇల్లంతా వెతికాడు. కండువా ఆయన భుజం మీదే ఉంది. నేను చెప్పలేదు."

పాఠకుడికి అనుమానం వచ్చేసింది. శ్రీనుకి వచ్చిందో లేదో ఆ చివరి మాట చెప్పీ చెప్పకుండా వదిలేస్తుంది. కథలో సుఖం ఇదే. సినిమాలో 'సగం తెలియడం' చూపించాలంటే మంచి నటుడు కావాలి, ఇక్కడ రెండు మాటలు చాలు. దానికి బదులుగా కోల్పోయేదీ ఉంది. శ్రీను లేని చోటికి మీరు వెళ్లలేరు. రత్తమ్మ వంటింట్లో ఒక్కతే ఏడిస్తే శ్రీనుకి ఆమె కళ్లే కనిపించాలి.

'అతను, ఆమె' అంటూ చెప్పే కథలోనూ ఈ బాకీ ఉంటుంది. ఒక ప్రకరణంలో ఒకరి మనసులోకే దూరండి. ఒకే పేరాలో సుబ్బారావు భయం, వియ్యంకుడి అనుమానం, లావణ్య మౌనం మూడూ రాసేస్తే పట్టిక గీసి లాభం లేదు.

సినిమాకైతే

పాయింట్ నుంచి వన్‌లైన్ ఆర్డర్‌కి వచ్చేటప్పుడు, ఒక్కో సీన్‌కి రెండు వాక్యాలు రాస్తారు కదా, ఆ రెండో వాక్యం "ఈ సీన్లో ఎవరికి ఏం తెలిసింది" అన్నదై ఉండాలి. ఏమీ తెలియని సీన్లు వరసగా మూడొస్తే అక్కడ ఏదో పట్టు తప్పింది. పాటలు, ఫైట్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. పెళ్లిపనుల పాటలో కోటేశ్వరరావు దూరంగా వచ్చి నిలబడి చూసి వెళ్లిపోయాడనుకోండి, పాట కథలో కలిసింది.

ఇంటర్వెల్ దగ్గర ఒక సంగతి చేతులు మారాలి. ఎవరి చేతికి? ఎవర్ని అడిగినా టక్కున వచ్చే జవాబు: వియ్యంకుడికి తెలిసిపోతుంది, బ్యాంగ్. వద్దంటాను. వియ్యంకుడికి తెలిస్తే పెళ్లి ఆగుతుంది, గొడవవుతుంది, రెండో సగమంతా పంచాయితీ. అదే ఇంటర్వెల్‌కి పెద్దకూతురు రమకి తెలిసిందనుకోండి. చెల్లెలి పొలం తన ఒంటికోసం పోయిందని. ఇప్పుడు దాచేవాళ్లు ఒకరు పెరిగారు. రమ తన నగలు తీస్తుందా, భర్తకి చెబుతుందా, చెల్లెలి మొహం చూడగలుగుతుందా? తెలిస్తే కథ ఆగిపోయే మనిషికి చివర్లో తెలియాలి. తెలిస్తే కథ మెలికపడే మనిషికి మధ్యలో తెలియాలి. మీ పట్టికలో ఈ రెండు రకాల పేర్లకూ వేర్వేరు గుర్తులు పెట్టుకోండి.

ప్రీ-క్లైమాక్స్‌లో లావణ్య సంగతి బయటపడుతుంది. అక్కడ ఆమె నోటితో పెద్ద ప్రసంగం పెట్టించకండి. తండ్రి వణుకుతూ చెప్పబోతే "తెలుసు నాన్నా" అంటే చాలు. ప్రేక్షకుడు తనంతట తాను వెనక్కి వెళ్లి కాఫీని, చీరని గుర్తు చేసుకుంటాడు. ఫ్లాష్‌బ్యాక్ ముక్కలు అతికించి ఆ పని మీరే చేసేస్తే అతనికి మిగిలేదేమీ ఉండదు. మన దర్శకులు చాలామంది ఇక్కడ ఆగలేరు.

సిరీస్, సీరియల్

సిరీస్‌కి ఈ పట్టిక దాదాపు ఎపిసోడ్ల జాబితానే. మూడు సంగతులు, ఏడు గడులు, మొత్తం 21. కొన్ని సున్నాలు, కొన్ని అడ్డగీతలు పోగా మిగిలినవి ఎపిసోడ్లకు పంచండి. ప్రతి ఎపిసోడ్ చివర ఒక గడి నిండాలి. తలుపు చప్పుడై, అందరూ తిరిగి చూసి, పేర్లు పడి, తర్వాతి ఎపిసోడ్ మొదట్లో వచ్చింది పాలవాడని తేలితే చూసేవాడికి ఒళ్లు మండుతుంది. ఒకసారి క్షమిస్తాడు.

రహస్యం మొత్తం చివరి ఎపిసోడ్‌కి దాచిపెట్టడం ఇంకో జబ్బు. అమెరికాలో 1971లో మొదలైన 'కొలంబో' సిరీస్‌లో హంతకుడెవరో ఎపిసోడ్ మొదట్లోనే చూపించేసేవారు. ఆ డిటెక్టివ్‌కి ఎలా తెలుస్తుందన్నదే కథ. అలాగే ఏళ్లు నడిచింది.

రోజువారీ టీవీ సీరియల్ సంగతి వేరు. చాటునుంచి వినడం, సగం విని అపార్థం చేసుకోవడం, చెప్పబోతుంటే ఎవరో అడ్డు రావడం అని నవ్వుతాం గానీ, నిన్న కూర చూసుకుంటూ సగం ఎపిసోడ్ మిస్సయిన మనిషికి ఇవాళ అర్థం కావాలంటే ఎవరికి ఏం తెలుసో మళ్లీ మళ్లీ చెప్పక తప్పదు. చెప్పే తీరు మాత్రం మీ చేతిలో ఉంది. పాత్ర ఒంటరిగా నిలబడి గోడకి చెప్పుకునే బదులు, తెలియనివాళ్లకు అబద్ధం చెప్పేలా రాయండి. "ఎకరం ఎక్కడికి పోతుంది అత్తయ్యా, ఉందిగా" అని శ్రీను అంటే చూసేవాడికి జరిగిందీ గుర్తొస్తుంది, కథా ముందుకు కదులుతుంది.

ఫోన్ తీస్తే బయటపడుతుందా?

ఇప్పటి కథలకి పెద్ద గండం ఇది. వియ్యంకుడి కొడుకు మంచం మీద పడుకునే రిజిస్ట్రేషన్ శాఖ సైట్లో ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరం) తీస్తాడు, ప్రభుత్వ భూరికార్డుల సైటు మీభూమిలో 1బి (ఎవరి పేర ఎంత పొలం ఉందో చెప్పే రికార్డు) చూస్తాడు. సుబ్బారావు పేరు లేదని రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. మీ పది రోజుల కథ మొదటి రోజే ఖతం.

బుర్రకథలో కథకుడి పక్కన హాస్యం చెప్పే వంత ఒకడుంటాడు. జనం మనసులో పుట్టిన అనుమానాన్ని వాళ్ల తరఫున అడిగేస్తుంటాడు. మీ కథకీ అలాంటివాణ్ణి ఒకణ్ణి పెట్టుకోండి, పాత్రగానో, కనీసం రాసేటప్పుడు మీ మనసులోనో. "ఫోన్లో చూడొచ్చుగా?" "బ్యాంకుకి ఫోన్ చేయొచ్చుగా?" "వాట్సాప్‌లో పెట్టేస్తే పోలా?" అని ప్రతి సీన్‌కీ అడిగించండి.

దొరికిన కన్నానికి మట్టి మెత్తి వదిలేయకండి. ఫోన్ పాడైంది, సిగ్నల్ లేదు అన్నవి ఇక ఎవరూ నమ్మరు. కన్నంలోంచే కథ తీయండి. సుబ్బారావు రిజిస్ట్రేషన్ చేయలేదు. డబ్బు పూర్తిగా తీసుకుని, మామూలు కాగితం మీద అగ్రిమెంటు రాసి, పొలం అప్పగించి, "పెళ్లయ్యాక రిజిస్టర్ చేస్తాను" అని కోటేశ్వరరావుని బతిమాలుకున్నాడు. రిజిస్టర్ కాని అగ్రిమెంటు ఈసీలో కనపడదు. రికార్డుల్లో పొలం ఇంకా సుబ్బారావుదే. ఫోన్లో చూసిన పెళ్లికొడుకు నిశ్చింతగా నిద్రపోయాడు. దాంతో ప్రేక్షకుడి గుండె ఇంకాస్త జారింది.

పైగా ఇంకో లాభం కూడా వచ్చింది. ఇప్పుడు రహస్యం మొత్తం కోటేశ్వరరావు నోటి మీద ఆధారపడి ఉంది. నిన్నటిదాకా పేరు తప్ప మొహం లేని మనిషికి పట్టికలో సొంత గడి వచ్చింది. అతను మంచివాడా, అదను చూసుకునేవాడా? సుబ్బారావు అదే ఎకరాన్ని కూతురి పేర రాసేస్తాడేమోనని అతనికీ భయమే కదా! అతన్ని పెళ్లికి పిలవాలా వద్దా అన్నది రత్తమ్మకి చిన్న విషయం, సుబ్బారావుకి ప్రాణసంకటం. ఆ శుభలేఖ పంచే సీన్ రాయకుండా ఉండగలరా?

చదివించి చూడండి

రాత అయ్యాక ఎవరికైనా వినిపించండి. నెరేషన్ ఇవ్వడం అలవాటుంటే నోటితో, లేకపోతే కాగితం ఇచ్చి. "ఎలా ఉంది?" అని అడగొద్దు, బావుందనే అంటారు. సగంలో ఆపి అడగండి: "ఇప్పటిదాకా ఈ విషయం ఎవరెవరికి తెలుసు?" వాళ్లు చెప్పింది మీ పట్టికతో సరిపోల్చుకోండి. తప్పు చెప్పిన చోటల్లా మీరు సరిగ్గా చెప్పలేదన్నమాట. రెండో ప్రశ్న: "ఎవరికి తెలిస్తే బావుణ్ననిపిస్తోంది, ఎవరికి తెలియకూడదనిపిస్తోంది?" దీనికి జవాబు తడుముకోకుండా వస్తే కథ నిలబడింది. "ఎవరికి తెలిస్తే ఏముంది" అంటే మీరు రాసినది రహస్యమే గానీ, అది బయటపడితే ఎవరికీ ఏమీ పోవడం లేదు. అప్పుడు సీన్లు దిద్దుతూ కూర్చోవద్దు. పాయింట్‌కి వెళ్లి, బయటపడితే ఎవరికి ఏం పోతుందో పెంచుకుని రండి.

తిరగరాసేటప్పుడు పట్టిక కూడా కొత్తది గీయండి. పాతది పారేయొద్దు. రెండూ పక్కపక్కన పెడితే ప్రేక్షకుడి గడిలో అంకెలు రెండోసారికి ముందుకు జరిగి ఉంటాయి. జరగకపోతే, ఏదో ఒకటి ఇంకా అనవసరంగా దాస్తున్నారేమో చూడండి.